కట్టుడు పళ్ల తర్వాత మొదటి గింజ

మా నాన్న నోట్లో చివరికి మిగిలినవి పదకొండు పళ్లు. తెనాలిలో పళ్ల డాక్టరు వాటిని మూడు విడతల్లో తీసేశాడు. మూడో విడత అయ్యాక రేపల్లె రైల్లో ఇంటికొస్తున్నాం. నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని, కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు నాన్న. ఎదురు సీట్లో పెద్దావిడ చాలాసేపు చూసి, నా వైపు వంగి, "ఎవరు పోయారు బాబూ?" అని మెల్లగా అడిగింది.

"పళ్లండీ" అన్నాను.

ఆవిడకు నవ్వు రాలేదు. నాన్నకు అసలే రాలేదు.

పళ్లు పోతే ఎవరికైనా తిండికి ఇబ్బంది. మా నాన్నకు మాత్రం పనికే ఇబ్బంది. రేపల్లె దగ్గర నగరం మండలంలో మా ఊరు. కోతలయ్యాక వడ్లన్నీ రోడ్డు మీద, ప్లాస్టిక్ పట్టాలు పరిచి ఆరబోస్తారు. అవి బస్తాలకెత్తే పాటి ఆరాయా లేదా అన్నది నాన్న చెప్పాలి. రాశిలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి, అడుగు నుంచి ఒక గింజ తీసి, కుడి దవడ పళ్ల మధ్య పెట్టి కొరుకుతాడు. "ఇంకో రెండెండలు" అంటాడు, లేదా "కట్టేయండి" అంటాడు. అంతే, ఇక దాని మీద అప్పీలు లేదు. తొందరపడి పచ్చి వడ్లు కడితే బస్తాలో వేడెక్కి, రంగు మారి, ముక్కిపోతాయి. తినడానికీ పనికిరావు, విత్తనానికీ పనికిరావు.

తేమ కొలిచే మిషన్లు మాకూ వచ్చాయి. అమ్మే ధాన్యానికి వాటి అంకే చెల్లుతుంది. ఇంట్లో దాచుకునే వాటికి మాత్రం జనం నాన్న కోసమే బండేసుకొచ్చేవాళ్లు. "మిషన్ అన్నం తినదు కదండీ, దానికేం బాధ?" అనేవాడు పక్కూరి రైతొకాయన.

నా సంగతి కూడా చెప్పాలి. బాపట్లలో ఒక బీఈడీ కాలేజీలో గెస్ట్ లెక్చరర్‌ని. చెప్పేది మనోవిజ్ఞానం. అందులో సంవేదన, ప్రత్యక్షం అనే పాఠం నా వాటాకొచ్చింది. కన్ను, చెవి, ముక్కు, నాలుక, చర్మం మోసుకొచ్చి పడేసే సరుకు సంవేదన. ఆ సరుకు విప్పి చూసి "ఓహో, ఇదా" అని మెదడు అనుకోవడం ప్రత్యక్షం. నేను చెబుతాను, విద్యార్థులు రాసుకుంటారు. అర్థమైనట్టు వాళ్లు, అర్థమయ్యేలా చెప్పినట్టు నేను తలలూపుకుంటాం.

నెలన్నర తర్వాత కట్టుడు పళ్లు వచ్చాయి. "ఇక చెరుకుగడ తప్ప ఏదైనా తినొచ్చండి" అన్నాడు డాక్టరు.

"వడ్లగింజ కొరకొచ్చా అండి?" అని అడిగాడు నాన్న.

"వడ్లెందుకండీ? మర పట్టించి, వండించుకుని తినండి" అన్నాడు డాక్టరు.

ఇంటికి రాగానే వరండాలో కూర్చుని నాన్న వడ్ల డబ్బాలోంచి గింజ తీశాడు. లోపల అమ్మ మిక్సీలో పచ్చడి తిప్పుతోంది. కొరికాడు. రెండోది కొరికాడు. మూడోది కొరికి చేతిలో ఉమ్మేసి దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

"ఏంటి నాన్నా?"

"ఎవరి నోట్లోనో ఎవరో కొరికినట్టుందిరా."

అప్పుడు నేను ఊరుకోవాల్సింది. ఊరుకోకుండా పాఠం చెప్పాను. పంటి వేరు చుట్టూ సన్నటి పొర ఉంటుందని, దాని నిండా నరాలుంటాయని, పన్ను మీద ఎంత ఒత్తిడి పడిందో చెప్పేది అదేనని, అన్నంలో ఇసుక రేణువు తగిలినా ఇట్టే తెలిసేది దాని పుణ్యమేనని చెప్పాను. పన్నుతోపాటు ఆ పొరా పోతుంది.

"అంటే నాకిక తెలీదా?"

"తెలీదు నాన్నా" అన్నాను. పరీక్షలో ఆ జవాబుకు పూర్తి మార్కులు పడతాయి. మా నాన్న నా చదువును నమ్మడం అదే మొదటిసారి.

మర్నాటి నుంచి ఎవరొచ్చినా ఒకటే మాట. "మావాడు చెప్పాడు. పొర పోయిందంట. నాకిక తెలీదు, మిషన్ దగ్గరికెళ్లండి." బండ్లు వచ్చినట్టే తిరిగి వెళ్లిపోయేవి. రోడ్డు పొడుగునా వడ్లు పోసి ఉన్నాయని, ఆదివారం చర్చికి కూడా కాలవకట్ట మీదుగా చుట్టు తిరిగి వెళ్లడం మొదలుపెట్టాడు. 

"పళ్లకే ఇంత చేస్తారా? నా మోకాళ్లు పోయి పదేళ్లయింది, ఎవరితోనన్నా అన్నానా?" అంది అమ్మ.

"రోజూ అంటున్నావుగా" అన్నాను. ఆ పూట నాకు పచ్చడి వెయ్యలేదు.

ఇలా ఉండగా ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చీ రాగానే ఎదురింటి పెద్దమ్మ మా గుమ్మంలో నిలబడింది. మా పెదనాన్న భార్య. పెదనాన్న పోయాక ఒక్కతే ఉంటోంది. ఉన్న కాస్త పొలంలో పండింది అమ్మదు. అదే ఆవిడ ఏడాది తిండి, మళ్లీ ఏటికి విత్తనం.

"ఏమయ్యా, అందరి వడ్లూ చూశావు. నావి చూడవా?"

"పొర పోయింది వదినా."

"పొరో అరో, నాకెందుకు? టీవీలో అల్పపీడనం అంటన్నాడు. రేపటికి వానంట. కట్టాలా వద్దా చెప్పు."

"తప్పు చెబితే?"

"నాలుగు తిడతాను. ఇంతకుముందు తిట్టలేదా ఏంటి?"

నాన్న పళ్లు పెట్టుకుని బయల్దేరాడు. వెనకాలే నేను. మధ్యాహ్నం భోజనాల వేళ, రోడ్డు మీద కుక్క కూడా లేదు. రాశిలోకి చెయ్యి పెట్టాడు, గింజ తీశాడు, కొరికాడు. "కట్టేయ్ వదినా" అన్నాడు. అనేసి, ఆ మాట ఎవరన్నారా అని చూస్తున్నట్టు మొహం పెట్టాడు. పెద్దమ్మ అప్పటికే కూలీలను కేకేస్తోంది. పొద్దు గూకేలోపు బస్తాలు కుట్టి, ఆవిడ నడింట్లో పేర్చేశారు.

సోమవారం పొద్దున నేను బాపట్ల బస్సెక్కుతుంటే వాన మొదలైంది. బుధవారం అమ్మ ఫోను చేసింది.

"మీ నాన్న సరిగా తింటం లేదురా."

"పళ్లు గుచ్చుకుంటున్నాయా?"

"పెద్దమ్మ వడ్లు గుచ్చుకుంటన్నాయి. ఇదిగో, మాట్లాడు."

నాన్న గొంతు తగ్గించి మాట్లాడాడు. "అబ్బాయ్, ఆ రోజు నాకేం తెలీలేదురా. పంటికేమీ తగల్లా. కట్టేయమని ఎందుకన్నానో, అనేశా."

వడ్లు పాడైతే పెద్దమ్మ తిట్టదని మా ఇద్దరికీ తెలుసు. చిన్న చిన్న విషయాలకే తిడుతుంది ఆవిడ. ఇంత పెద్దదైతే ఎవరికీ చెప్పకుండా, వాన తగ్గాక ఎండలో పోసి, ఆ ముక్కిన బియ్యమే ఏడాదంతా వండుకు తింటుంది. నాన్నకు అన్నం దిగకపోవడంలో వింతేమీ లేదు. ఆ మూడు రోజులూ నాకూ పెద్దగా దిగలేదు. నేనుండే హాస్టల్ మెస్సు వంట వల్ల అనుకున్నాను, అది రోజూ ఉండేదే.

శనివారం బస్సులో నగరం దాకా వచ్చి, ఆటోలో తడుస్తూ ఇల్లు చేరాను. నాన్న లేడు.

"ఎదురింట్లో ఉన్నారు" అంది అమ్మ. "రోజుకి మూడు సార్లు. మొన్న గొడుగు మర్చిపోయానని, నిన్న గొడుగు తెచ్చుకుంటానని. ఇవాళ ఏ వంకా చెప్పలా, ఊరికే వెళ్లారు."

వెళ్లి చూస్తే పెద్దమ్మ పెరట్లో గిన్నెలు తోముతోంది. నాన్న నడింట్లో వంగి, బస్తా మీద ముక్కు ఆనించి నిలబడి ఉన్నాడు. నేనూ వంగాను.

"వాసనేమన్నా వస్తందా?" అన్నాడు గుసగుసగా.

"గోనె వాసన."

"దాని కింద?"

"నాన్నా, నాకు జలుబు."

"ఏంటయ్యా, తండ్రీకొడుకులు నా బస్తాలకి ముద్దులు పెడతన్నారు?" గుమ్మంలో పెద్దమ్మ, చేతిలో మసిగుడ్డ.

నాన్న నిటారుగా నిలబడ్డాడు. "వదినా, ఆ రోజు నేను తెలిసి చెప్పలేదు. నాకేం తెలీలా. నోటికొచ్చింది అన్నా."

పెద్దమ్మ తిట్టలేదు. దానికే భయం వేసింది. కొడవలి తెచ్చి, అడుగు వరసలో ఉన్న బస్తా పక్క కుట్టు తెంపింది. కొంగు దోపుకుని చెయ్యి లోపలికి పెట్టింది. మోచెయ్యి దాటింది. అలాగే ఉంచింది. బయట చూరు నీళ్లు పడుతున్నాయి. బస్తా వేడిగా ఉంటే చెయ్యి వెంటనే తీస్తుంది కదా అని నేను, తీయట్లేదంటే లోపల ఏం దొరికిందో అని నాన్న, ఇద్దరం ఆ మోచెయ్యి వైపే చూస్తున్నాం.

"చల్లగా ఉన్నాయి" అంది.

ఇంకో బస్తా తెంపింది. "ఇవీ చల్లగా ఉన్నాయి. కుండలో నీళ్లలాగున్నాయి. నువ్వు పెట్టి చూడు."

నాన్న చెయ్యి పెట్టాడు. తర్వాత గుప్పెడు తీసి వాసన చూశాడు. తర్వాత, నిలబడే పని అయిపోయినట్టు, ఆ బస్తాల పక్కనే కూర్చుండిపోయాడు. నేను గోడకు ఆనుకున్నాను. అప్పుడు పెద్దమ్మ మొదలుపెట్టింది.

"ఆరు రోజుల్నుంచి తిండి మానేశావంట! నా వడ్లు బాగానే ఉన్నాయి, నువ్వే ముక్కిపోయావు. లే, గోంగూర ఉంది, అన్నం తిను. ఏం చూస్తావయ్యా లెక్చరరూ, ఆ కుట్లు వెయ్యి."

నాన్న మూడు సార్లు వడ్డించుకున్నాడు. నేను దబ్బనంతో వేలు పొడుచుకున్నాను. ఇద్దరికీ ప్రాణం తేలికపడింది.

మిగిలింది ఒకటే ప్రశ్న. ఆ రాత్రి పడుకోబోయే ముందు నాన్నే అడిగాడు: "మరి నాకెలా తెలిసిందిరా?" 

పొద్దున్నే పరీక్ష పెట్టాను. మూడు స్టీలు గ్లాసులు. ఒక దాంట్లో పెద్దమ్మ బస్తాలోవి, ఒక దాంట్లో రాత్రంతా నానబెట్టి తుడిచినవి, మూడో దాంట్లో వరండా గాలికి చెమ్మెక్కినవి. నాన్న కళ్లకు తువ్వాలు కట్టాను. పెద్దమ్మ సాక్షి. గ్లాసులు ఎలా మార్చి ఇచ్చినా మూడూ సరిగ్గా చెప్పాడు. "గాలివాటం" అంది పెద్దమ్మ. మళ్లీ ఇచ్చాను. మళ్లీ సరే.

అప్పుడు అమ్మ అట్లలోకి పచ్చడి కోసం మిక్సీ వేసింది. నాన్న ఆరిన గింజ కొరికి చెమ్మ అన్నాడు. చెమ్మది కొరికి ఆరిందన్నాడు. మూడోది నోట్లో పెట్టుకుని, "ఆపవే దాన్ని! వినపడట్లా!" అని అరిచాడు.

మిక్సీ ఆగింది.

"ఏంటి వినపడట్లా?" అన్నాను.

"గింజ" అన్నాడు నాన్న. అనేసి తువ్వాలు పైకెత్తి నా వైపు చూశాడు.

అప్పుడు గుర్తొచ్చింది. నాన్న ఎక్కడ గింజ కొరికినా ముందు చెయ్యెత్తి మాటలు ఆపించేవాడు, ట్రాక్టరుంటే ఇంజను ఆపమనేవాడు. పెద్దమనిషి దర్జా అనుకునేవాళ్లం. పాపం ఆయనా అదే అనుకున్నాడేమో.

అయితే ఇది పంటి పని కాదు, చెవి పని! సిద్ధాంతం దొరికింది. రుజువు చేయడమే మిగిలింది. అమ్మ మందుల డబ్బాలోంచి దూది తెచ్చి నాన్న రెండు చెవుల్లో కుక్కాను. "ఇప్పుడు తప్పు చెబుతాడు చూడండి" అన్నాను పెద్దమ్మతో.

నాన్న ఒక్కటి కూడా తప్పు చెప్పలేదు. పైగా ముందుకంటే తొందరగా చెప్పాడు. "ఇప్పుడింకా బాగా వినపడతందిరా!" అని, దూది ఉంది కాబట్టి, వీధంతా వినపడేలా అరిచాడు.

పెద్దమ్మ నా వైపు జాలిగా చూసింది. "నిన్ను పాఠాలు చెప్పమన్నదెవరయ్యా?"

బ్యాగులోంచి పుస్తకం తీశాను. నేను ఎప్పుడూ రెండు నిమిషాల్లో దాటేసే పేజీలో ఉంది. చప్పుడు చెవి రంధ్రంలోంచే రానక్కర్లేదు, దవడ ఎముక గుండా కూడా లోపలి చెవికి చేరుతుంది. దూది పెడితే బయటి గోల తగ్గుతుంది, ఎముకలోంచి వచ్చింది బయటికి పోకుండా ఇంకా గట్టిగా మోగుతుంది. చెవులు మూసుకుని అప్పడం నమిలితే ఎవరికైనా తెలుస్తుంది. పొర పోయిన మాట నిజమే. ఇన్నేళ్లూ సగం కబురు చెప్పింది పొర, సగం చెప్పింది ఎముక. పేరు మాత్రం పళ్లకొచ్చింది. రోడ్డు మీద ఆ రోజు నాన్న పంటి తాకిడి కోసం వెతుక్కుంటున్నాడు. అది రాలేదు కాబట్టి ఏమీ తెలియలేదనుకున్నాడు. ఈలోగా చెవి విని నోటికి చెప్పేసింది, ఆయనకు చెప్పలేదు.

"నేను చెప్పింది తప్పు నాన్నా" అన్నాను.

నాన్న అప్పటికే దూది తీసేశాడు. "పూర్తిగా తప్పేం కాదులే. పొర అయితే పోయిందిగా" అన్నాడు.

సోమవారానికి వాన వెలిసి ఎండ కాసింది. అమ్మ అట్లు వేస్తుండగా వాకిట్లో బండి హారను. పక్కూరి రైతు వచ్చాడు, పట్టాల కింద దాచిన రాశి తెరిచాడంట. నాన్న లేచాడు. పళ్లు పెట్టుకున్నాడు, మందుల డబ్బాలో చెయ్యి పెట్టాడు.

"టిఫిన్ తినెళ్లండి" అంది అమ్మ.

నాన్నకు వినపడలేదు. దూది అప్పటికే చెవుల్లో ఉంది. బండి వెనక ఎక్కి, వడ్లు పోసిన రోడ్డు మీదుగానే పొమ్మని చెయ్యి చూపించాడు. నన్నెవరూ ఏమీ అడగలేదు. పళ్లెం దగ్గరికి లాక్కుని, నా అట్టు తిని, చల్లారిపోతుందని నాన్నదీ తిన్నాను.