దేవుడి పులిహోర, జడ్జీ ఫోను

మా కోడలు న్యూజిలాండ్‌లోని ఇన్వర్‌కార్గిల్‌లో చాలా ఏళ్లు ప్రభుత్వం తరఫున నేరాల కేసులు వాదించింది. ఆ చలికాలం జడ్జీ పదవికి ఇంటర్వ్యూ ఇచ్చి, కబురు కోసం ఎదురుచూస్తోంది. శుక్రవారం పొద్దున్నే ఫోను పట్టుకుని వంటింట్లో అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. హీటర్ దగ్గర నిలబడదు, కుర్చీలో కూర్చోదు.

"అంత భయమైతే ఎందుకు అప్లై చేశావే?" అన్నాను, పొయ్యి వైపు తిరిగే.

"ఇన్నాళ్లూ శిక్ష వెయ్యమని అడిగేదాన్ని అత్తయ్యా. ఇక వెయ్యాల్సింది నేనే. పొరపాటు పడితే?"

నా వెనకాల గిన్నె మూత తీసిన చప్పుడైంది.

"అయ్యో, పులిహోర నోట్లో వేసుకున్నాను!" అంది కోడలు.

అది నైవేద్యానికి కలిపింది. దేవుడికి పెట్టేదాకా మేము ఉప్పు కూడా చూడం.

"నేను చూడనే లేదు కదే, ఎందుకు చెప్పావు? సరే, తీర్పు కూడా నువ్వే చెప్పు జడ్జీగారూ."

"ఇది మనం తినేద్దాం. దేవుడికి మళ్లీ వండుతాను."

బియ్యం కడుగుతుండగా ఫోను మోగింది. తడి చేతులతో నిలబడిపోతే నేనే చెవి దగ్గర పెట్టాను. విని, "యెస్, థాంక్యూ" అంది.

"వచ్చిందా?"

తలూపింది. "వాళ్లు ప్రకటించేదాకా ఎవరికీ చెప్పకండి అత్తయ్యా."

"దేవుడికైనా చెప్పనా?"

"ముందు అన్నం ఉడకనివ్వండి" అని మళ్లీ తిరగడం మొదలుపెట్టింది.