సీసాలు నడిచొచ్చిన సాయంత్రం

నా చిన్నప్పుడు వేసవి సెలవులన్నీ చీపురుపల్లిలో మా మావయ్య గోళీసోడా కొట్టులోనే గడిచేవి. గోళీ దిగేటప్పుడు వచ్చే కీచుమనే చప్పుడు వింటే చాలు, దాహం లేకపోయినా నాకు దాహం వేసేది. ఆయన అమ్మేది లోపలి సోడానే కానీ సీసాని కాదు. సీసా తిరిగి రావాలి, కడగాలి, మళ్లీ నింపాలి. కొత్త సీసాలు దొరకడం అప్పటికే గగనమైపోయింది. ఉన్నవి పోతే కొట్టు మూసుకోవడమే. అందుకని ఎవరైనా సీసాలు ఇంటికి పట్టుకెళ్లాలంటే బదులుగా ఏదో ఒక వస్తువు ఆయన దగ్గర పెట్టాలి. చెంబో, తువ్వాలో, గొడుగో. తోడబుట్టిన మా అమ్మ చేత కూడా గొడుగు పెట్టించుకున్న ఘనుడు మా మావయ్య.

ఒక ఏడు గరివిడి నుంచి ఒక ముసలమ్మ ఎడ్లబండి కట్టించుకుని వచ్చింది. ఫ్యాక్టరీలో కూలి చేసుకునే కుటుంబం. మర్నాడు మనవరాలికి చర్చిలో పెళ్లి. కొట్టులో ఉన్న సీసాలన్నీ కావాలంది. బదులు పెట్టడానికి మాత్రం ఏమీ తేలేదు; ఇంట్లో గిన్నెలన్నీ పెళ్లి వంటకి పొయ్యెక్కాయట. మావయ్య మెత్తబడలేదు. ఆవిడ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"రేపు పెళ్లిలో బైబిలు వాక్యం సదవాల్సింది నానే నాయినా. పర్నేదు, ఆ ముక్క నాకు నోటికొచ్చును. ఇది ఉంచు."

మావయ్య సీసాలు బండికెక్కించాడు. బండి కదిలాక మా అత్త ఆయన్ని చెడామడా తిట్టింది. "ముసల్దాని కళ్లు తాకట్టెట్టుకున్నావు. సిగ్గు నేదా నీకు?" అంది. ఆయన ఆ కళ్లజోడు తుడిచి, ఉతికిన గుడ్డలో చుట్టి దాచాడు.

పెళ్లి రోజు సాయంత్రానికి సీసాలు తెచ్చేస్తామన్నారు. తెల్లారితే ఊళ్లో సంత. అప్పటికి సోడా నింపకపోతే అమ్మడానికి ఏమీ ఉండదు. పొద్దు వాలుతున్నా బండి జాడ లేదు. అటునుంచి సైకిల్ మీద వచ్చిన ఒకాయన, దారిలో ఇరుసు విరిగి సీసాల బండి ఒరిగిపోయిందని చెప్పాడు. మావయ్య అరుగు మీద కూలబడ్డాడు. "ఇంకేటుందే, కొట్టు గోవిందా" అన్నాడు అత్తతో. ఆయన నోట అలాంటి మాట నేనెప్పుడూ వినలేదు. నాకు భయమేసింది.

ముందు చప్పుడు వినిపించింది. ఖాళీ సీసాల మెడల్లో గోళీలు గలగలమంటున్నాయి. చూస్తే రోడ్డు పొడవునా మనుషులే. పెళ్లికొచ్చిన వాళ్లంతా చంకల్లో, చేతుల్లో, బుట్టల్లో సీసాలు పెట్టుకుని, పాట పాడుకుంటూ నడిచొస్తున్నారు. తెల్లచీరలో పెళ్లికూతురు కూడా. సాయంకాలపు ఎండ ఆకుపచ్చ గాజు మీద పడి దారంతా మెరిసింది. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు గగుర్పొడుస్తుంది.

పెళ్లికూతురు కొంగుముడి విప్పి, బండి ఒరిగినప్పుడు పగిలిన సీసా ముక్కల్నీ, దాని గోళీనీ బల్ల మీద పెట్టింది. "ఇదొక్కటీ దక్కనేదు బాబూ" అంది.

మావయ్య ఆ గోళీని కళ్లకద్దుకున్నాడు. లోపలికెళ్లి కళ్లజోడు తెచ్చి, ముసలమ్మకి తన చేతులతోనే పెట్టాడు. "పగిలింది కూడా మోసుకొచ్చినోళ్ల దగ్గిర నానేటి తాకట్టెట్టుకుంటాను మామ్మా?" అన్నాడు. వచ్చినవాళ్లే తలో చెయ్యి వేసి సీసాలు కడిగారు. మర్నాడు సంతలో సోడాకి లోటు రాలేదు.

ఖాళీ సీసా తిరిగిస్తే, ముందు కట్టిన డబ్బు వెనక్కిచ్చే పద్ధతి మళ్లీ వస్తోందని మొన్న మా మనవరాలు గొప్పగా చెప్పింది. రానీ, మంచిదే. కానీ ఆ రోజు కళ్లజోడు కోసమే అయితే ముసలమ్మ ఒక్కర్తే వచ్చేది. మిగతా వాళ్లంతా వచ్చింది మా మావయ్య కోసం, ఆయన కొట్టు ఆగిపోకూడదని. ఇప్పుడు మేముండే భోగాపురం దారిలో బస్సు కిటికీలోంచి నీళ్ల సీసాలు విసిరేసేవాళ్లని రోజూ చూస్తాను. నాకు మాత్రం చెయ్యి రాదు. ఖాళీ సీసా చేతిలో ఉన్నంతసేపూ, ఎక్కడో ఎవరో దానికోసం ఎదురుచూస్తున్నట్టే ఉంటుంది.