వీపు మీద చెయ్యి

ఖోఖోలో కూర్చున్నవాళ్ళు వెనక్కి చూడరు. వీపు మీద చెయ్యి పడి, "ఖో" అని వినపడ్డాకే లేవాలి. మా మిరజ్ ఊరి జట్టులో ఆ పిలుపుకు కుందా వాఘ్మోడే లేచినంత వేగంగా లేచేవాళ్ళు లేరు. కాని పదిసార్లలో ఒకసారి, చెయ్యి పడ్డాక కూడా ఆమె అలాగే కూర్చుండిపోయేది. క్షణం, క్షణమున్నర. తప్పించుకు పరుగెత్తే అవతలి అమ్మాయి దాటిపోవడానికి అది చాలు.

"ఏమే కుందా, చాయ్ పంపించమంటావా, లేస్తావా?" అనేది అర్చన. మిగతావాళ్ళు 'రాయి' అని పేరు పెట్టారు. కుందా నవ్వేది. పగలంతా మందుల గోదాములో డబ్బాలకు చీటీలు అంటించే పని ఆమెది. అక్కడా అంతే. గంటలో నలుగురి పని చేసేది, మధ్యలో చీటీ చేతిలో పట్టుకుని ఆగిపోయేది.

ఆ పేరు పోగొట్టుకోవాలని ఆమె చేసిన పని సంగతి ఇంకా చెడగొట్టింది. అడుగుల చప్పుడు విని, ఖో రాకముందే లేవడం మొదలుపెట్టింది. తాలూకా పోటీలో ఒక్క ఆటలో మూడుసార్లు తప్పు అని విజిల్ పడింది. విజిల్ పడ్డప్పుడల్లా మావాళ్ళు వెనక్కి మళ్ళాలి, అవతలివాళ్ళకు ఊపిరి దొరుకుతుంది. ఒక్క పాయింటుతో ఓడిపోయాం.

"శనివారం ఆట చూసి జిల్లా జట్టు పేర్లు రాస్తాను. ముందే లేచేది నాకొద్దు" అన్నారు మా కోచ్ పాటోళే సర్. కుందాకు ఇరవై ఆరేళ్ళు. పై ఏడు వయసు దాటిందని అంటారని ఆమెకు తెలుసు.

ధ్యాస నిలవడం లేదని మా పిన్ని కొడుకుని చూపించిన డాక్టరమ్మ దగ్గరికి కుందాను నేనే తీసుకెళ్ళాను. తెర మీద అక్షరం కనబడగానే మీట నొక్కాలి, ఇరవై నిమిషాలు. తర్వాత ఒక కాగితం చూపించారు. ఒక్కో నొక్కుకు ఒక్కో చుక్క, ఎంత ఆలస్యమైతే అంత పైన. చుక్కలు చీమల బారులా కింద వరసగా ఉన్నాయి. అక్కడక్కడా ఒకటి ఎగిరి ఎక్కడో పైన పడింది.

"నువ్వు నెమ్మది మనిషివి కాదమ్మా. ఎప్పుడూ ఒకే వేగంలో ఉండవు, అంతే. ఏడీహెచ్‌డీ అని, ధ్యాస నిలవని సమస్య ఉన్నవాళ్ళలో చాలామందికి ఇలా ఉంటుంది. సోమరితనం కాదిది" అన్నారామె. అది ఒక్క పరీక్షతో తేలదనీ, చిన్నప్పటి సంగతులు కూడా అడగాలనీ చెప్పి, మళ్ళీ రమ్మన్నారు.

కుందా ఆ కాగితం మడిచి పాటోళే సర్‌కి ఇచ్చింది. ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసి చాలాసేపు చూశారు.

"మరి ఈ పైన పడ్డవాటి సంగతేంటి?"

"అవి ఉంటాయి సర్. ఎప్పుడొస్తాయో నాక్కూడా తెలీదు. ముందే లేవడం మాత్రం మానేస్తాను. అది నా చేతిలో పని."

"రాయి అంటారు మళ్ళీ."

"అననీయండి."

శనివారం ఎండ దిగాక ఆట మొదలైంది. నాలుగో నిమిషంలో తరుముతున్నదాన్ని నేనే. కుందా వీపు మీద చెయ్యి వేసి ఖో అన్నాను. ఆమె లేవలేదు. ఎదుటి అమ్మాయి స్తంభం దాటేసింది. "రాయీ!" అని గీత అవతల నుంచి ఎవరో అరిచారు. అప్పుడు లేచింది కుందా, తల తిప్పకుండా పరుగెత్తి పక్కదానికి ఖో ఇచ్చింది. తొమ్మిది నిమిషాల్లో ఆమె మీద ఒక్క విజిల్ కూడా పడలేదు. ఇద్దరిని అవుట్ చేసింది.

సర్ పేర్లు చదివారు. కుందాది ఎనిమిదోది.

"అందరి ముందూ కూర్చుండిపోయింది కదా సర్!" అంది అర్చన.

"కూర్చుంది. నువ్వు ప్రతిసారీ అరక్షణం ఆలస్యంగా లేస్తావు. రోజూ ఒకేలా లేస్తావు కాబట్టి ఎవరికీ కనబడదు."

బూట్ల తాళ్ళు విప్పుకుంటూ కుందా నా దగ్గరికి జరిగింది.

"నిజం చెప్పు శైలూ. ఇందాక ఎంతసేపు కూర్చున్నాను?"

"ఒక క్షణం. కాస్త ఎక్కువేమో."

ఆమె నమ్మలేనట్టు చూసింది. "నాకైతే నీ చెయ్యి తగలగానే లేచినట్టే ఉందే" అంది.