సంధ్యారాణి కొన్న బండి

సంధ్యారాణి గోదావరిఖనిలో ఒక బొగ్గుబాయి దగ్గర ల్యాంప్ రూంలో పనిచేసేది. షిఫ్టుకు దిగే కార్మికులకు టోపీ దీపాలు అందించడం, వాళ్లు పైకొచ్చాక తీసుకుని చార్జింగుకు పెట్టడం ఆమె పని. అంతకుముందు ఆ బాయిలోకి దిగింది ఆమె భర్త కిషన్. రెండువేల ఆరులో అతను బాయిలో కాలు జారి పడ్డాడు. ఎముక అతుక్కుంది గానీ కుడి మోకాలు సగానికి మించి వంగలేదు. డాక్టర్లు అన్‌ఫిట్ అన్నారు. ఉద్యోగం భార్యకు వచ్చింది.

ఆ ప్రమాదానికి ముందు సెలవు దొరికితే చాలు, ఇద్దరూ మోటారుసైకిల్ మీద కాళేశ్వరమో, కొత్తగూడెంలోని ఆమె అక్క ఇంటికో వెళ్లేవాళ్లు. ఇప్పుడు అతను బ్రేకు తొక్కలేడు. బండి క్వార్టరు ముందు గుడ్డ కప్పుకుని ఉండిపోయింది. ఒక ఆదివారం సంధ్యారాణి ఆ గుడ్డ తీసి పక్కన పడేసింది.

"నేర్పిస్తవా?" అంది.

కిషన్ లోపలికి వెళ్లి తాళంచెవి తెచ్చిచ్చాడు.

కాలనీ గ్రౌండులో నేర్చుకుంది. పడింది, మోచేతులు గీసుకుపోయాయి, మళ్లీ ఎక్కింది. కిషన్ కర్ర పట్టుకుని గట్టున నిలబడి, "క్లచ్చి మెల్లగ ఇడువు" అని అరిచేవాడు. కొన్నాళ్లకు ఆమె డ్యూటీకి బండి మీదే పోసాగింది. ఎప్పుడైనా ఇద్దరూ బజారుకు పోతే అతను వెనక కూర్చునేవాడు. ఎవరైనా అడిగితే, "నాకు మోజు తీరింది, గిప్పుడు ఆమెనే నడుపుతది" అనేవాడే తప్ప మోకాలి మాట ఎత్తేవాడు కాదు.

నాలుగేళ్లకు పాత బండి ఇంజను అలసిపోయింది. దూరం పోయే బండి కొనాలని ఇద్దరూ అనుకున్నారు. కిషన్ పేపర్లన్నీ తిరగేసి రెండింటి దగ్గర ఆగాడు. ఒకటి ఎర్రది, ముందుకు వంగి కూర్చునే బండి. రెండోది నల్లది, హ్యాండిలు ఎత్తుగా, సీటు వెడల్పుగా ఉండేది. అతని మనసు ఎర్రదాని మీదే. ఒకరోజు బస్సెక్కి కరీంనగర్ వెళ్లారు.

ఎర్ర బండి షోరూంలో సేల్స్ కుర్రాడు కిషన్ వైపే తిరిగి పికప్ గురించి చెప్పుకుపోయాడు.

"నాకేం జెప్తవు తమ్మి, నడిపేది ఆమె" అన్నాడు కిషన్.

సంధ్యారాణి బండి తీసింది. వెనక కిషన్. రోడ్డెక్కగానే బండి దూసుకుపోయింది. అంత హాయిగా ఆమె ఏ బండీ నడపలేదు. కానీ గుంత వచ్చినప్పుడల్లా భర్త చెయ్యి ఆమె భుజాన్ని గట్టిగా పట్టుకుంటోంది. తిరిగి చూస్తే అతని కుడికాలు ఫుట్‌రెస్టు మీద లేదు. అంత ఎత్తుకు మోకాలు వంగక గాల్లో వేలాడుతోంది. ఆమె మెల్లగా బండి వెనక్కి తిప్పింది.

"ఎట్లుంది?" అన్నాడు కిషన్ దిగుతూ.

"చేతులు నొస్తున్నయి" అని అబద్ధమాడింది.

రెండో షోరూంలో నల్ల బండి కాస్త బరువుగా, నిదానంగా కదిలింది. కిషన్ కాలు ఫుట్‌రెస్టుకు ఇంచుమించు ఆనింది. "గిదే తీస్కుందం" అంది సంధ్యారాణి.

కిషన్ ఆమెను ఎదురుగా ఉన్న చాయ్ బండి దగ్గరికి తీసుకెళ్లాడు. "నీకు ఎర్రదే నచ్చింది. ముఖం జూస్తె తెలుస్తలేదా?"

"నచ్చింది. మరి నువ్వు కాలు ఏడ పెట్టినవ్?"

అతను గ్లాసు వైపు చూస్తూ, "రోజు డ్యూటీకి పోయేది నువ్వు. నేను ఎప్పుడో ఒకసారి ఎక్కేటోన్ని. ఎర్రది తీస్కో" అన్నాడు.

"డ్యూటీకైతే పాతదే బాగు చేయించుకుందు. దూరం పోదామనే గద కొంటున్నం. ఒక్కదాన్నే పోయి నేనేం జేస్త?"

కిషన్ చాయ్ తాగడం ముగించి లేచాడు. షోరూంలోకి వెళ్లి, "తమ్మీ, నాకు మోకాలు వంగది. ఎనక ఫుట్‌రెస్టు ఇంకింత కిందికి జరపొస్తదా?" అని అడిగాడు. బయటివాళ్లతో అతను ఆ మాట అనడం సంధ్యారాణి మొదటిసారి విన్నది. మెకానిక్ వచ్చి, అతన్ని కూర్చోబెట్టి, ప్యాంటు పైకి మడిపించి, కాలు ఎంతవరకు వంగుతుందో చూశాడు. చిన్న పట్టీ వేసి దించొచ్చన్నాడు.

ఆ చలికాలం వాళ్లు నల్ల బండి మీద కుంటాల జలపాతానికి బయలుదేరారు. లక్సెట్టిపేట దాటాక ఒక ఎర్ర బండి వాళ్లను దాటుకుని పోయింది. అది మలుపు తిరిగేదాకా సంధ్యారాణి దాన్నే చూసింది.

"నచ్చిందా?" అన్నాడు కిషన్ వెనక నుంచి.

"నచ్చింది."

ఇద్దరూ నవ్వుకున్నారు. జన్నారం అడవిలో రెండుచోట్ల ఆగి అతను కాలు చాపుకున్నాడు. జలపాతం దగ్గర మెట్లు దిగడం అతని వల్ల కాలేదు. ఆమె ఒక్కతే దిగి, తడిసిన జుట్టుతో పైకొచ్చింది.

"ఎట్లున్నయి నీళ్లు?"

ఆమె చెబుతూ ఉంటే అతను మధ్యమధ్యలో ప్రశ్నలడుగుతూ విన్నాడు. ఒక బండ మీద కూర్చుని తెచ్చుకున్న పులిహోర తిన్నారు. పొద్దు ఉండగానే అడవి దాటాలని, టిఫిను డబ్బా కడిగి సంచిలో పెట్టుకుని బయలుదేరారు.