పెద్దమ్మ చెయ్యి వేసిన బండి

కాజీపేటలో ఉండే మా పెద్దమ్మ ఈ మధ్యనే కన్నుమూసింది. చర్చికి తయారవుతూ గుండెలో నొప్పి అందట. దవాఖానకు చేరేలోపే ప్రాణం పోయింది. రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి. మా ఇళ్లలో ఫ్రిజ్ కొన్నా బైకు కొన్నా బేరానికి ఆమె రావాల్సిందే.

నేను కారు కొంటానంటే ఫోన్లోనే షరతు పెట్టింది. “ధర తెగెదాంక బండి మీద చెయ్యెయ్యకు బిడ్డా. నీ మనసు ఆడ వడ్డదని వాళ్లకు తెలుస్తది.”

హనుమకొండ షోరూంలో ఒక తెల్ల కారు మెరిసిపోతోంది. పెద్దమ్మ దానికి వీపు పెట్టి కూర్చుంది. నేను బడిపిల్లాడిలా చేతులు కట్టుకున్నాను. చక్కెర లేని చాయ్ అడిగి, ముందు సేల్స్ అబ్బాయిది ఏ ఊరో కనుక్కుంది. వర్ధన్నపేట అన్నాడు.

“మా ఆడబిడ్డ ఆడనే ఉంటది. మోకాళ్ల నొప్పులతోని బస్సెక్కలేక చూసి శానా రోజులైంది. బండి రాంగనే ఫస్టు ఆడికే పోవాలె.”

ఆ మాట నాకే చెప్పిందని అప్పుడు తట్టలేదు. బేరంలో భాగమనుకున్నాను.

అబ్బాయి ధరలు చదువుతుంటే, బండిని షోరూందాకా తెచ్చినందుకు వేసే హ్యాండ్లింగ్ ఛార్జీ దగ్గర ఆపింది. “ఇదేంది బిడ్డా? బండిని సంకనెత్తుకొని తెచ్చిండ్రా?”

అతను నవ్వి, లోపలికి వెళ్లొచ్చి, సగం తగ్గిస్తామన్నాడు. పెద్దమ్మ లేచింది. “పా, పోదాం.” కారు చేజారిపోతుందని వెనక్కి చూసుకుంటూ నడిచాను. తలుపు దాకా వెళ్లామో లేదో, మేనేజరే ఎదురొచ్చి ఛార్జీ మొత్తం తీసేశాడు. నాకు ఆశ పుట్టి ఇంకా ఏదో అడగబోతే, “చాలు. ఇగ గుంజితే ఆ పిలగాని మీద పడ్తది” అని నా మోచెయ్యి పట్టి ఆపింది.

అప్పుడు వెళ్లి ఆ తెల్ల కారు బానెట్ మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంది. “ఇగ ఇది మనది” అంది.

తెల్లదైతే వారంలో ఇస్తామన్నారు. నాకు బూడిదరంగుదే కావాలి. దానికి నెల పైన పడుతుందన్నారు.

“లోపల కూసున్నంక రంగు కనవడ్తదా బిడ్డా?” అని ఒక్కసారి అడిగింది. నేను పట్టు విడవలేదు. “సరే, నీ ఇష్టం” అంది. మేనేజర్‌ని దిగొచ్చేలా చేసిన మనిషి నాతో మాత్రం బేరమాడలేదు. కొంచెం ఆడి ఉంటే బాగుండేది. ఆ తర్వాత ఫోన్ చేసినప్పుడల్లా “బండి ఎప్పుడొస్తది?” అనే అడిగేది.

చివరికి ఆడబిడ్డే ఆటో కట్టించుకుని వచ్చింది, కడసారి చూపుకు.

ఆ తర్వాత బండి వచ్చిందని కబురొస్తే ఒక్కడినే వెళ్లాను. సేల్స్ అబ్బాయి రెండు కప్పుల చాయ్ తెచ్చి పెట్టాడు, ఒకటి చక్కెర లేనిది. “పెద్దమ్మ రాలేదా అన్నా?” అన్నాడు. చెప్పాను. అతను మెల్లగా తాళం నా చేతిలో పెట్టాడు.

నా బండి బయట ఉంది. తెల్లది మాత్రం లోపల అక్కడే ఉంది. వెళ్లి, ఆమె చెయ్యి వేసిన చోటే నా చెయ్యి వేశాను. చల్లగా తగిలింది. కారు చూడటానికి వచ్చిన ఎవరో పక్కన నిలబడి, “ఇది మీదేనా అన్నా?” అని అడిగాడు.

కాదనడానికి నాకు నోరు రాలేదు.