చూడమంటే మార్చబోయిన

ఆ రోజుల్ల ఔటర్ రింగ్ రోడ్డు పక్కన ఎటు చూసినా ప్లాట్ల బోర్డులే. కొత్తగ ఉద్యోగమొచ్చిన మాకైతే హైదరాబాద్ మొత్తం మేమే నడుపుతున్నమన్నంత ధీమా. ఇబ్రహీంపట్నంల మా వాడకట్టుల మెడల ఐడీ కార్డు ఏసుకున్న మొదటి ఆడపిల్లను నేనే. బజారుకు పోయినా దాన్ని తియ్యకపోయేదాన్ని. (కూరగాయలామె ఒకసారి "ఏ దవాఖానల చేస్తున్నవు బిడ్డా?" అని అడిగింది.)

ఆదిభట్ల ఆఫీసుల చేరి నెల కాలే. మా టీముకు పెద్ద ఒక అక్క. ఎన్నడూ నవ్వదు, మాట కూడ తక్కువే, అందుకే ఎనుకనుంచి 'సైలెంట్ అక్క' అంటుంటిమి. ఒకనాడు పొద్దున నన్ను పిలిచి, "మెయిల్ సర్వర్‌ల మెయిళ్లు నడిపే సాఫ్ట్‌వేర్ ప్యాకేజీ ఉంది గద, దాని సెట్టింగ్స్ ఎట్లున్నయో చూసి రాసుకొని రా. చూసుడే, ముట్టుడు లేదు" అని మీటింగుకు పోయింది. ఆఫీసు మెయిళ్లన్నీ ఆ సర్వర్ మీదనే నడుస్తయి. నల్ల తెర ముందట కూసున్న. అక్కడ మౌసుతోని పని లేదు, ఏదైనా కమాండు కొట్టాలె. సెట్టింగ్స్ చూసే కమాండు ఒకటి, మార్చేది ఇంకోటి. ట్రైనింగుల రెండూ ఒకే పేజీల రాసుకున్న. నేను కొట్టింది మార్చేది.

తెరంత నీలంగ అయింది. నడుమ డబ్బాల ఒక ప్రశ్న: మీ మెయిల్ ఏ తీరుగ నడవాలె? అలవాటుకొద్ది ఎంటర్ కొట్టిన. ఇంకో ప్రశ్న వచ్చింది. ఎనుకకు ఎట్ల పోవాల్నో తెల్వదు, ముందుకు పోయే ధైర్యం లేదు. అందరు లంచ్‌కు పోయిండ్రు, నేను లేవలే. లేస్తే ఎవరన్న వచ్చి కీబోర్డు ముడుతరని భయం. ఆగలేక ట్రాక్టర్ మెకానిక్ అయిన మా బాపుకు ఫోన్ చేసిన.

"బాపు, సర్వర్ ఖరాబ్ చేసిన."

"పొగ వస్తుందా?"

"లేదు."

"సప్పుడు మారిందా?"

"లేదు బాపు."

"మరి ఇంక ఖరాబ్ కాలే. ఎరుకైనోళ్లు వచ్చేదాక ఏం ముట్టకు. ఏడ్వకు."

(ఏడుస్తున్నట్టు నేను చెప్పనేలేదు.)

అక్క రాంగనే అడగకముందే అంత ఒప్పుకున్న. "అక్కా, నా ఉద్యోగం పోతదా?" ఆమె కుర్చీ గుంజుకొని కూసున్నది. ట్యాబ్ కొట్టి, 'వద్దు' అన్న బటన్ మీదికి పోయి, ఎంటర్ కొట్టింది. నీలం తెర మాయం. తర్వాత చూసే కమాండు కొట్టింది. సెట్టింగ్స్ వరుసగ వచ్చినయి, చానా వాటి ముందట ఒక్కో చుక్క గుర్తు.

"గీ చుక్కలన్నీ నేను పెట్టినవేనా అక్కా?"

సైలెంట్ అక్క పకపకా నవ్వింది. పక్క టీమోళ్లు లేచి చూసిండ్రు. "ప్యాకేజీ ఎక్కించిననాడు అడిగిన ప్రశ్నలకు గుర్తు పిల్లా అవి. అప్పుడు నువ్వు ఇంక కాలేజీల ఉన్నవ్." అప్పటి సెట్టింగ్స్ రాసిపెట్టిన పాత కాయితం తీసి ఒక్కో లైను పోల్చి చూసినం. ఉన్న జవాబుకే ఎంటర్ కొట్టిన, ప్రశ్నలు కూడ పూర్తిగాలే గద, ఒక్క అక్షరం మారలే. అయినా నాకు నమ్మకం కుదరలేదని, తన సీటుకు పోయి నాకు ఒక మెయిల్ పంపింది. "పోయి అన్నం తిను." నిమిషంల అందింది. దాన్ని నాలుగుసార్లు చదువుకున్న. ఆనాడు చల్లారిన పప్పన్నం తిన్నంత కమ్మగ మళ్లెన్నడూ తినలే.

ఇప్పుడు నేనే టీముకు పెద్ద. చదవకుండనే ఎంటర్ల మీద ఎంటర్లు కొడుత, మార్చినంక నాలిక కరుచుకుంట. అట్లాంటప్పుడు నీలం తెర ముందట కూసున్న ఆనాటి పిల్ల, అంటే నేనే, యాదికొస్తది. ఆమెకున్న భయంల జరంత నాకు మిగిలినా బాగుండు అని నవ్వుకుంట.