గడ్డి వ్యాగన్ పక్కన నా పలక

నా చిన్నప్పుడు, వరసగా రెండేళ్లు వానలు మొహం చాటేసిన కాలంలో, మా నాయన ఇంటి కప్పు మీది బోదగడ్డి పీకి బర్రెకు మేత వేశాడు. పడుకుంటే పైన ఆకాశం కనబడేది. ఇది చెప్తే మా మనవరాలికి నవ్వు. నాకు మాత్రం ఇవాళ్టికీ ఒళ్లు మండుతుంది. ఎందుకంటే అదే వారంలో, మా ఇంటికి అరమైలు దూరంలో, రైల్వే స్టేషన్లో నాలుగు వ్యాగన్ల నిండా వరిగడ్డి ఉంది.

కరువు ఊళ్ల పశువులకని సర్కారు కృష్ణా వైపు నుంచి పంపిన గడ్డి అది. వచ్చిందైతే వచ్చింది గానీ, సరుకు దింపే లైను ఖాళీ లేదు. మా వైపు తయారయ్యే రాతి పలకల పెట్టెలు ఎక్కించడానికి వచ్చిన వ్యాగన్లు, వాటి వెనక బొగ్గువి, ఎరువులవి, అన్నీ ఒకదానికొకటి అడ్డంపడి ఇరుక్కుపోయాయి. వాటిని లాగే ఇంజను ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పరు. గడ్డి వ్యాగన్లను చివరి లైన్లోకి తోసి, తలుపులకు సీలు వేసి వదిలేశారు. తలుపు సందుల్లోంచి గడ్డిపోచలు బయటికి వేలాడుతుండేవి. మేం పిల్లలం వాటిని పీకబోతే కాపలా మనిషి లాఠీ పట్టుకుని తరిమేవాడు. మేతను కళ్ల ముందు పెట్టుకుని పశువులను మాడ్చడం ఎంత అన్యాయమో ఎనిమిదేళ్ల నాకు తెలిసింది, కుర్చీల్లో కూర్చున్న వాళ్లకు తెలియలేదు.

మా బర్రె పేరు చుక్క. నొసట తెల్లమచ్చ ఉండేది. మాకు పొలం ఉన్నా ఎండిపోయింది కాబట్టి దాని పాలే మా ఇంటికి ఆధారం. అప్పటికి ఎముకలు లెక్కపెట్టొచ్చు, ఇద్దరు పట్టి లేపితే గానీ నిలబడలేకపోయేది.

రైతులు గుంపుగా వెళ్లి అడిగితే స్టేషన్లో పెద్దసారు, గడ్డి నిన్ననే వచ్చింది, రేపు దింపుతాం అన్నాడట. మర్నాడు వెళ్తే మళ్లీ అదే మాట, నిన్ననే వచ్చిందని. సిగ్గులేకుండా రోజూ అదే నిన్న. స్టేషన్ రోడ్డులో ఫొటో స్టూడియో నడిపే మా పెదనాయనకు అది విని కడుపు రగిలింది. ఫొటో తీసి చూపిద్దాం, అప్పుడు కాదనలేడు అన్నాడు.

రైతులకు హుషారొచ్చింది. ఫొటో అనగానే ఉతికిన పంచెలు కట్టి, తలలు దువ్వుకుని వచ్చారు. పెదనాయనేమో జన్మంతా పెళ్లి ఫొటోలు తీసిన మనిషి. వ్యాగన్ ముందు పొడుగువాళ్లను వెనక, పొట్టివాళ్లను ముందు నిలబెట్టాడు, మధ్యలో కుర్చీ వేయించి ఊరి పెద్దను కూర్చోబెట్టాడు. గడ్డాలు పైకెత్తమన్నాడు. ఆ ఫొటో కడిగి, ఆరబెట్టి, పట్టుకుని ఆఫీసు చుట్టూ తిరిగేసరికి మూడు రోజులు పోయాయి. చివరికి పెద్దసారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, బాగుంది, ఇది ఏ వ్యాగన్, ఏ రోజు తీశారు అని అడిగాడట. వ్యాగన్ నంబరు మావాళ్ల తలల వెనక దాగిపోయింది. తేదీ ఎక్కడా లేదు.

ఆ సాయంత్రం పెదనాయన మా ఇంటికొచ్చి తల పట్టుకుని కూర్చున్నాడు. నేను వసారాలో లెక్కలు చేసుకుంటున్నాను. నా చేతిలోని పలక వంక చూసి, "నీ పలక నాకియ్యమ్మా. రేపట్నుంచి నీకు కాదు బడి, నాకు," అన్నాడు.

మర్నాడు పొద్దున్నే పలక మీద సుద్దముక్కతో పెద్దగా తేదీ వేశాడు. దాన్ని వ్యాగన్ నంబరు పక్కన, వేలాడే గడ్డిపోచల కింద ఆనించి పెట్టాం. ఈసారి మనుషులెవరినీ నిలబడనివ్వలేదు. రెండో రోజూ అంతే, అదే వ్యాగన్, తేదీ ఒక్కటే మారింది. మూడో రోజు తెల్లారేసరికి చుక్క లేవలేదు. దాని ముందు వేసిన బోదగడ్డి వేసినట్టే ఉంది. నాయన దాని మెడ కింద చెయ్యి పెట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు. నేను పలక తీసుకుని స్టేషన్‌కు పరిగెత్తాను. పెదనాయన తేదీ వేశాక సుద్దముక్క లాక్కుని, కింద వంకర అక్షరాలతో, మా చుక్క చచ్చిపోయింది అని రాశాను. ఆయన చెరపలేదు. అలాగే ఫొటో తీశాడు.

ఆ మూడు ఫొటోలనూ పెద్దవి చేసి, పెళ్లికూతుళ్ల ఫొటోలు తీసేసి, స్టూడియో అద్దంలో పెట్టాడు. మధ్యాహ్నానికి రోడ్డంతా జనం. చదువు రానివాళ్లు వచ్చినవాళ్ల చేత చదివించుకున్నారు. పొద్దుగూకేలోపు పెద్దసారే స్వయంగా వచ్చాడు, అవి తీసెయ్యమని.

"మీరు వ్యాగన్లు తియ్యండి, నేను ఫొటోలు తీస్తా," అన్నాడు పెదనాయన. "గడ్డి నిన్ననే వచ్చిందంటిరి గదా సారూ. నిన్న ఏ తేదీనో ఈ పిల్లకు చెప్పిపోండి."

ఆయన నా మొహం చూడకుండానే వెళ్లిపోయాడు.

ఎక్కడా లేదన్న ఇంజను మర్నాడు పొద్దున్నే వచ్చింది. ఒక్క పూటలో గడ్డంతా దింపేశారు. ఒక్క పూట పని అది! నాయన వరసలో నిలబడి మా వంతు మోపు తీసుకుని, మా కొట్టంలోకి పోకుండా పక్కింటి వాళ్ల పశువులు మేసే గాటిపాటలో వేసి వచ్చాడు.

ఇప్పుడు మా ఊరి రైలు గేటు దగ్గర గూడ్సు బండి అడ్డంగా నిలబడిపోతే గంటలు గంటలు ఆటోలు, బడిపిల్లలు ఎండలో పడిగాపులు. ముందొచ్చే స్టేషన్లో చోటు లేదట. ఆడవాళ్లు సద్దిమూటలతో వ్యాగన్ల కింద దూరి పోతుంటారు. ఫిర్యాదు చేస్తే, పది నిమిషాలే ఆగింది అంటారు. అందుకే నా సంచిలో ఒక పలక, సుద్దముక్క ఉంటాయి. తేదీ, టైము రాసి, మనవరాలి చేత వ్యాగన్ నంబరు పక్కన పట్టించి ఫోన్లో ఫొటో తీస్తాను. పోయిన వారం అది విసుక్కుంది.

"ఏంది జేజీ, ఫోన్లో తేదీ దానంతటదే పడుతుంది గదా."

పడుతుంది, నాకూ తెలుసు. అయినా చేత్తోనే రాస్తాను. ఆ మొదటి ఫొటో రోజు నా పలక ఇంట్లో గోడకు ఆనించే ఉంది. ఒక్కరికి గుర్తొచ్చి ఉంటే మా చుక్క బతికేది.